విదేశంలో టీచరు ఉద్యోగం: చేరేముందు బడిని పరీక్షించండి

విదేశంలో పాఠాలు చెప్పాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది ఏ దేశం మంచిదని. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఒకే నగరంలో, ఒకే రోడ్డు మీద రెండు అంతర్జాతీయ పాఠశాలలు ఉంటాయి. ఒకదానిలో చేరిన ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి కదలరు. రెండోదానిలో ఏటా వేసవి వచ్చేసరికి స్టాఫ్ రూము సగం ఖాళీ. వీసా అదే, ఎండ అదే, ఇంటి అద్దెలూ అవే. తేడా అంతా బడిలోనే ఉంటుంది. నేను గణితం చెబుతూ గల్ఫ్‌లోనూ ఆగ్నేయాసియాలోనూ పనిచేశాను. ఇప్పుడు కొత్త ఉపాధ్యాయులను తీసుకునే ఇంటర్వ్యూలలో బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. రెండు వైపులా కూర్చున్నాక స్థిరపడిన అభిప్రాయం ఇది: అభ్యర్థి అడిగే సూటి ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే బడి, ఉద్యోగంలో చేరాక కూడా ఉపాధ్యాయులను అలాగే చూసుకుంటుంది. ఆ ప్రశ్నలు ఏమిటో, ఎప్పుడు ఎవరిని అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పేరు చూసి పోవద్దు

1924లో జెనీవాలో అంతర్జాతీయ పాఠశాల మొదలైనప్పుడు దాని ఉద్దేశం స్పష్టంగా ఉండేది. నానాజాతి సమితిలోనూ, అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ పనిచేయడానికి వచ్చిన రకరకాల దేశాల ఉద్యోగుల పిల్లలకు చదువు కావాలి. అదే నగరంలో 1968లో ఇంటర్నేషనల్ బాకలారియేట్, అంటే మనం ఐబీ అని పిలిచే, బడులకు ఉమ్మడి పాఠ్యక్రమం ఇచ్చే సంస్థ ఏర్పడింది. ఇప్పుడు బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాసుకోవడానికి చాలా చోట్ల ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత కొన్ని బడులకు అక్షరాలా సరిపోతుంది.

అందుకే బడి ఎవరిదో ముందు తెలుసుకోండి. స్థూలంగా మూడు రకాలు కనిపిస్తాయి. తల్లిదండ్రులు ఎన్నుకున్న బోర్డు నడిపే లాభాపేక్ష లేని బడులు, అనేక దేశాల్లో శాఖలున్న పెద్ద కంపెనీల బడులు, ఒక స్థానిక కుటుంబమో వ్యాపారవేత్తో పెట్టిన బడులు. మొదటి రకంలో ఫీజుల సొమ్ము ఎక్కువగా బడికే తిరిగి వస్తుంది కాబట్టి జీతాలు, శిక్షణ మెరుగ్గా ఉంటాయని నా అనుభవం. రెండో రకంలో పద్ధతులు స్థిరంగా ఉంటాయి, ఒక దేశం నుంచి మరో దేశంలోని శాఖకు మారే వీలుంటుంది. అయితే పిల్లల సంఖ్య తగ్గితే ఉద్యోగాలకు కోత కూడా త్వరగానే పడుతుంది. మూడో రకంలో అంతా ఆ యజమాని మనసును బట్టే. అద్భుతమైన యజమానులూ ఉన్నారు, ప్రిన్సిపాల్‌ను ఏడాదికొకరిని మార్చేవారూ ఉన్నారు. ఈ మూడో రకం బడి నుంచి పిలుపు వస్తే, గత అయిదేళ్ళలో ఎంతమంది ప్రిన్సిపాళ్ళు మారారని నేను తప్పకుండా అడుగుతాను.

చైనాకు వెళ్ళాలనుకునేవారు మరో తేడా గమనించాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు మాత్రమే ప్రవేశమిచ్చే బడులు వేరు, చైనా పౌరుల పిల్లలు చదివే ప్రైవేటు ద్విభాషా బడులు వేరు. 2021 సెప్టెంబరు నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఈ ద్విభాషా బడులు మొదటి తొమ్మిది తరగతుల్లో విదేశీ పాఠ్యపుస్తకాలు వాడకూడదు. మీరు ఏడో తరగతికి ఏం బోధించాలన్నది దీనిమీదే ఆధారపడుతుంది. ప్రకటనలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బడి చెప్పుకునే గుర్తింపులను సరిచూడటం అరగంట పని. ఐబీ వెబ్‌సైటులో అనుమతి పొందిన బడుల జాబితా ఉంటుంది. ‘క్యాండిడేట్ స్కూల్’ అని ఉంటే అనుమతి ఇంకా రాలేదని, వస్తుందన్న హామీ కూడా లేదని అర్థం. అలాంటి బడిలో చేరడం తప్పు కాదు. కానీ అనుమతి కోసం చేయాల్సిన పత్రాల పని మీ మీద పడుతుందని తెలిసి చేరాలి. కౌన్సిల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్కూల్స్, అమెరికాకు చెందిన నియాస్క్, వాస్క్ వంటి సంస్థల గుర్తింపు ఉందంటే బయటివారు వచ్చి తనిఖీ చేశారన్నమాట. విదేశాల్లోని బ్రిటిష్ బడులకు బ్రిటిష్ ప్రభుత్వం ఆమోదించిన తనిఖీ పథకం ఉంది, ఆ నివేదికలు బహిరంగంగా దొరుకుతాయి. దుబాయ్‌లో ప్రైవేటు బడులను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ కూడా తన తనిఖీ నివేదికలను ప్రచురించింది. వాటిలో పైన ఉండే రేటింగుతో ఆగకుండా ఉపాధ్యాయుల మార్పు గురించి, నాయకత్వం గురించి రాసిన పేరాలు చదవండి. బడి ప్రచార పుస్తకంలో ఎప్పటికీ కనిపించని విషయాలు అక్కడ ఉంటాయి.

మీ చేతిలో ఏముండాలి

డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ అర్హత, రెండేళ్ళ బోధనానుభవం. మంచి బడులు సాధారణంగా అడిగే కనీసం ఇది. చాలా దేశాల్లో వర్క్ పర్మిట్‌కు కూడా దాదాపు ఇవే కావాలి. ఐబీ అనుభవం లేదని వెనకాడేవారు చాలామంది. బ్రిటిష్ విధానంలోని ఐజీసీఎస్ఈ, ఏ లెవెల్ పరీక్షలకు చెప్పిన అనుభవం, లేదా మీ దేశపు బోర్డు పరీక్షలకు పై తరగతులను సిద్ధం చేసిన అనుభవం ఉంటే తొలి అడుగు వేయవచ్చు. అంతగా పేరులేని బడిలో ఐబీ చెప్పే అవకాశం వస్తే, పేరున్న బడిలో చిన్న తరగతులు చెప్పడం కన్నా నేను దాన్నే ఎంచుకోమంటాను. రెండేళ్ళ తరువాత ఆ అనుభవం మరో బడి తలుపు తీయిస్తుంది.

ఒక విషయంలో చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. దూరవిద్యలో దొరికే అంతర్జాతీయ పీజీసీఈ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సుకు, ఇంగ్లండ్‌లో ఉపాధ్యాయ హోదా అయిన క్యూటీఎస్‌కు సంబంధం లేదు. మొదటిది చేస్తే రెండోది రాదు. మొదటిది మంచి చదువే, కొన్ని బడులు దాన్ని గౌరవిస్తాయి కూడా. కానీ ‘క్యూటీఎస్ తప్పనిసరి’ అన్న ప్రకటనకు అది పనికిరాదు. 2023 ఫిబ్రవరి నుంచి భారత్, నైజీరియా, ఘనా, దక్షిణాఫ్రికా సహా మరికొన్ని దేశాల్లో అర్హత పొందిన ఉపాధ్యాయులు నేరుగా క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. కొన్ని దేశాల వారికి గణితం, సైన్సు, భాషలు చెప్పేవారై ఉండాలన్న షరతులున్నాయి. కోర్సుకు డబ్బు కట్టేముందు ఈ దారి మీకు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

మాతృభాష ఇంగ్లిష్ అయినవారే కావాలని రాసే ప్రకటనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. త్రికోణమితి పిల్లవాడి బుర్రకెక్కించడానికి పుట్టిన ఊరితో పని లేదు. కొన్ని దేశాల్లో ఇంగ్లిష్ భాషా ఉపాధ్యాయుల వీసా నిబంధనలే అలా ఉంటాయి, అక్కడ బడి చేయగలిగింది తక్కువ. కానీ సైన్సు, గణితం ఉద్యోగాలకు కూడా పాస్‌పోర్టు చూసి ఎంచే బడి ఉంటే, అది జీతంలోనూ అదే తేడా చూపిస్తుందని అనుమానించడం న్యాయమే. అందుకే ఒకే పనికి ఒకే జీతపు పట్టిక అందరికీ వర్తిస్తుందా అని నేరుగా అడగండి. విదేశం నుంచి తెచ్చుకున్నవారికి ఒక ప్యాకేజీ, అక్కడే ఉంటున్నవారికి మరొకటి ఇచ్చే బడులు చాలా ఉన్నాయి. ఈ రెండింటిలో మీరు ఏ కోవలోకి వస్తారో నియామక ఉత్తరంలో రాయించుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

ఉత్తరార్ధగోళంలోని బడులు ఎక్కువగా ఆగస్టులోనో సెప్టెంబరులోనో తెరుస్తారు. వచ్చే ఏడాది ఉంటారా వెళ్తారా అని ఉన్న ఉపాధ్యాయులను శీతకాలానికి ముందే అడుగుతారు. ఆ జవాబులు రాగానే ఖాళీలు తెలుస్తాయి. కాబట్టి ఆగస్టులో చేరాలనుకుంటే అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరు నాటికే మీ కాగితాలు సిద్ధంగా ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నియామకాలు జోరుగా సాగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మరో చిన్న అల వస్తుంది. అకస్మాత్తుగా ఎవరో మానేసిన చోట్లు అవి. వాటిలో మంచివీ ఉంటాయి, ఎవరూ రానందువల్ల మిగిలిపోయినవీ ఉంటాయి, కాస్త ఎక్కువ ఆరా తీయాలి. దక్షిణార్ధగోళంలో విద్యా సంవత్సరం చాలా చోట్ల జనవరి, మార్చి మధ్య మొదలవుతుంది.

సెర్చ్ అసోసియేట్స్, ఇంటర్నేషనల్ స్కూల్స్ సర్వీసెస్, ష్రోల్, టెస్, టీచర్ హొరైజన్స్, టీఐఈ ఆన్‌లైన్ వంటి చోట్ల ప్రకటనలు దొరుకుతాయి. వీటిలో కొన్ని అభ్యర్థి నుంచి నమోదు రుసుము తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. నియామక మేళాలు కూడా జరుగుతాయి. బ్యాంకాక్‌లో జనవరిలో జరిగేవి వాటిలో బాగా పేరున్నవి. కొత్తగా వెతికేవారు మేళాకు విమానం ఖర్చు పెట్టుకుని వెళ్ళడం నేను ప్రోత్సహించను. ఎక్కువ ఇంటర్వ్యూలు ఇప్పుడు వీడియోలోనే అయిపోతున్నాయి. బడి సొంత వెబ్‌సైటులో ఉద్యోగాల పేజీని వారం వారం చూడటం నాకు ఎప్పుడూ ఎక్కువ ఫలితమిచ్చింది.

నమోదు రుసుముకూ మోసానికీ తేడా తెలియాలి. ఉద్యోగం ఇచ్చినందుకో, వీసా చేయించినందుకో డబ్బు పంపమని బడి పేరుతో ఎవరైనా అడిగితే అక్కడితో ఆపేయండి. యూఏఈలో నియామక ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని చట్టమే నిషేధించింది. ఇంటర్వ్యూ లేకుండా వచ్చే ఆఫర్లు, ఉచిత ఈమెయిల్ చిరునామా నుంచి వచ్చే నియామక పత్రాలు నిజమైన బడులవి కావు.

దరఖాస్తు

నా ముందుకు ఒక్కో ఖాళీకి దొంతరగా రెజ్యూమేలు వస్తాయి. మొదటి పేజీ పైభాగంలో నేను వెతికేవి కొన్నే: ఏ సబ్జెక్టు, ఏ తరగతులు, ఏ సిలబస్, ఎప్పటి నుంచి రాగలరు, వెంట ఎవరెవరు వస్తారు. వెంట వచ్చేవారి సంగతి దాచిపెట్టేవారు ఉంటారు. దాచవద్దు. బడి మోయాల్సిన వీసా, బీమా, పిల్లల ఫీజు ఖర్చులు దానిమీదే ఆధారపడతాయి. చివర్లో తెలిస్తే ఆఫర్ వెనక్కి పోతుంది. ‘పిల్లల సర్వతోముఖాభివృద్ధికి కృషి చేస్తాను’ వంటి వాక్యాలు ఎవరైనా రాస్తారు. ‘పదో తరగతిలో లెక్కలంటే భయపడే పిల్లల కోసం వారానికో సాయంత్రం విడిగా కూర్చున్నాను, వాళ్ళు తమ తప్పులను తామే వర్గీకరించుకునే పట్టిక తయారుచేశాను’ అని ఒక అభ్యర్థి రాశారు. ఇంటర్వ్యూలో మేము ఎక్కువసేపు మాట్లాడింది ఆ పట్టిక గురించే.

రిఫరెన్సుల విషయంలో బడులు ఎందుకంత పట్టుపడతాయో తెలిస్తే విసుగు రాదు. దశాబ్దాల పాటు పలు దేశాల అంతర్జాతీయ పాఠశాలల్లో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు పిల్లలపై చేసిన అఘాయిత్యాలు 2014లో బయటపడ్డాయి. ఒక బడి నుంచి మరో బడికి అతడు సులువుగా మారగలిగాడు. ఆ ఏడాదే అంతర్జాతీయ పాఠశాలల సంస్థలు కలిసి బాలల రక్షణపై కార్యదళాన్ని ఏర్పాటు చేసుకుని నియామకాలకు కట్టుదిట్టమైన పద్ధతులు సూచించాయి. అందుకే మీ ప్రస్తుత ప్రిన్సిపాల్‌తో మాట్లాడతామంటారు, మధ్యలో ఖాళీగా ఉన్న నెలల గురించి అడుగుతారు, మీరు ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం కోరుతారు. ఇవేవీ అడగకుండా ఉద్యోగమిచ్చే బడిలో పిల్లల భద్రత ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేనైతే అలాంటి బడికి వెళ్ళను. వెతుకులాట మొదలుపెట్టేముందే మీ ప్రిన్సిపాల్‌కు విషయం చెప్పడం మర్యాద, అవసరం కూడా.

మీరు అడగాల్సినవి

ఇంటర్వ్యూ చివర ‘మీకేమైనా సందేహాలున్నాయా’ అంటారు. మొహమాటంతో ‘ఏమీ లేవండీ’ అనకండి. అసలైన సమయం అదే. నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: ‘పోయిన ఏడాది ఎంతమంది వెళ్ళిపోయారు, ఎందుకు?’ ఒకసారి ఒకే వారంలో రెండు బడుల ప్రిన్సిపాళ్ళను ఇదే అడిగాను. ఒకరు కాస్త ఆలోచించి, వెళ్ళినవారి సంఖ్య చెప్పి, కొందరు పదవీ విరమణ చేశారని, ఇద్దరు జీతం చాలక వెళ్ళారని, ఒకరితో తమకే పొసగలేదని చెప్పారు. మరొకరు ‘మాదంతా ఒకే కుటుంబం, ఇక్కడికి వచ్చినవారు వెళ్ళాలనుకోరు’ అన్నారు. నేను మొదటి బడికి వెళ్ళాను. అక్కడ ఆ ప్రిన్సిపాల్ ఆ తరువాత కూడా మాతో అలాగే, ఉన్నదున్నట్టు మాట్లాడారు.

మిగతావి: వారానికి ఎన్ని పీరియడ్లు, తరగతికి ఎంతమంది, శనివారాల పని ఉందా, మార్కుల విషయంలో తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి వస్తే బడి ఎవరి పక్షాన నిలుస్తుంది. ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మాటలకన్నా ముఖం గమనించండి. తరువాత, మీ విభాగంలో ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయుడితో విడిగా మాట్లాడించమని కోరండి. వీలైతే మీరు ఎవరి స్థానంలోకి వెళ్తున్నారో ఆ మనిషితో. మంచి బడి వెంటనే ఫోన్ నంబరు ఇస్తుంది. ఇంటర్నేషనల్ స్కూల్స్ రివ్యూ వంటి చోట్ల పేరు చెప్పకుండా రాసే అభిప్రాయాలు కూడా చదువుతాను. కానీ అక్కడికి కోపంతో వచ్చి రాసేవారే ఎక్కువ. ఒక్కరి ఫిర్యాదును పట్టించుకోను, వేర్వేరు సంవత్సరాల్లో ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం దాన్ని నమ్ముతాను.

ఒప్పందం చదవడం

ఎక్కువమంది జీతం అంకె ఒక్కటే చూస్తారు. దాని కింద ఉన్న విభజన చూడాలి. ఉదాహరణకు యూఏఈలో నెలకు 12,000 దిర్హామ్‌లు ఇస్తామన్న రెండు ఒప్పందాలు తీసుకోండి. ఒకదానిలో మూల వేతనం 10,000, భత్యాలు 2,000. రెండోదానిలో మూల వేతనం 5,000, భత్యాలు 7,000. నెలనెలా చేతికి వచ్చేది ఒకటే. కానీ అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మూల వేతనం మీదే లెక్కిస్తారు. మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. అంటే మొదటి ఒప్పందంలో ఏడాదికి 7,000 దిర్హామ్‌లు జమ అవుతుంటే, రెండోదానిలో 3,500. అయిదేళ్ళు పనిచేస్తే ఒక్క వాక్యం వల్ల 17,500 తేడా. ‘మూల వేతనం ఎంత’ అని అడగడానికి సంకోచించకండి.

జీతం ఏ కరెన్సీలో అన్నది అంతే ముఖ్యం. దిర్హామ్ విలువ 1997 నుంచి డాలరుకు కట్టి ఉంది. ఈజిప్టు పౌండు సంగతి అలా కాదు. 2016 నవంబరులో దాని విలువను మార్కెట్‌కు వదిలేశాక, ఆ ఏడాది ముగిసేసరికి డాలరుతో విలువ సగానికి పడిపోయింది. 2024 మార్చిలో మళ్ళీ ఒక్కరోజులో డాలరు 31 పౌండ్ల దగ్గర నుంచి 50 దాకా ఎగబాకింది. స్థానిక కరెన్సీలో జీతం తీసుకుంటూ ఇంటికి డబ్బు పంపేవారి పరిస్థితి ఊహించండి. ఇలాంటి చోట జీతంలో కనీసం కొంత భాగం డాలర్లలోనో యూరోలలోనో ఉండేలా అడగాలి.

పన్ను లేదన్న మాటకు ఆశపడేముందు ఆ నగరంలో అద్దె, బడి ఇచ్చే ఇంటి భత్యం పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలున్నవారికి అన్నిటికన్నా పెద్ద మొత్తం పిల్లల ఫీజు. ‘ఫీజు రాయితీ’ అంటే ఎంత శాతం, ఎంతమంది పిల్లలకు, సీటు ఖాళీ లేకపోతే ఏమిటి అన్నవి రాతలో ఉండాలి. వైద్య బీమా కుటుంబానికీ వర్తిస్తుందా, పాత జబ్బులను మినహాయిస్తుందా అని చూడండి. ఇక బయటపడే దారి: మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, ప్రొబేషన్‌లో బడి పంపించేస్తే తిరుగు టికెట్ ఎవరిది, అదే దేశంలో మరో బడికి మారాలంటే పాత యజమాని అనుమతి కావాలా. ఖతార్‌లో ఆ అనుమతి అవసరాన్ని 2020లో తొలగించారు, అన్ని దేశాల్లో అలా లేదు. మీ పాస్‌పోర్టు బడి దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ ఇచ్చిన ప్రతి హామీనీ ఈమెయిల్‌లో మళ్ళీ రాసి, ‘నేను అర్థం చేసుకున్నది సరైనదేనా’ అని అడిగి జవాబు తెప్పించుకోండి. రేపు ఆ ప్రిన్సిపాల్ మారినా రాత మిగులుతుంది.

ఆలోచించుకోవడానికి వ్యవధి అడగండి. రెండు మూడు రోజులు ఇవ్వడం సాధారణం. గంటలో సంతకం పెట్టమని తొందరపెట్టే బడికి ఆ తొందర ఎందుకో అడగాలి. సంతకం పెట్టాక మాత్రం వెతకడం ఆపేసి, మిగతా బడులకు మర్యాదగా చెప్పేయండి. మాట ఇచ్చి తప్పుకున్నవారి పేర్లు ఈ చిన్న ప్రపంచంలో త్వరగా పాకుతాయి, పైగా మీ కోసం ఆగిన ఒక తరగతి పిల్లలు ఉంటారు.

ఇరువైపులా సంతకాలైన ఒప్పందపు కాపీ చేతికి వచ్చాకే ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి. ఆ మర్నాడే ధ్రువపత్రాల పని మొదలుపెట్టండి. మీ దేశం, వెళ్ళే దేశం రెండూ పత్రాల గుర్తింపుకు సంబంధించిన 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉండి, ఒకదాని చేరికకు మరొకటి అభ్యంతరం చెప్పకపోతే, పత్రం అసలైనదని ధ్రువీకరించే ఒక్క అపోస్టిల్ ముద్రతో సరిపోతుంది. సౌదీ అరేబియా 2022 డిసెంబరులో, చైనా 2023 నవంబరులో ఆ పద్ధతిలోకి వచ్చాయి. ఈ ఒప్పందం వర్తించని దేశానికైతే మీ ప్రభుత్వ శాఖల తరువాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి, దానికి వారాలు పడుతుంది. డిగ్రీ పత్రంలో, పాస్‌పోర్టులో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించుకోండి. పోలీసు ధ్రువపత్రాన్ని మాత్రం మరీ ముందుగా తీసుకోవద్దు. చాలా దేశాలు కొద్ది నెలల్లోపు జారీ అయినదే ఒప్పుకుంటాయి, వీసా దరఖాస్తు తేదీ బడిని అడిగి, దానికి తగ్గట్టు పెట్టుకోండి.